కరస్పాండెంటు గారూ, యాన్యువల్ డేకి మా చేతులు కూడా తీసుకోండి

కడప నగరంలోని ప్రైవేటు పాఠశాలల కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్ళకు,

నమస్కారం.

మీలో ఒకరి బడిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి తండ్రిని. అది ఎవరి బడో ఇక్కడ చెప్పను. చెప్తే ఈ ఉత్తరం ఆ ఒక్కరి మీద ఫిర్యాదు అయిపోతుంది, మిగతావాళ్ళు హాయిగా చదివి పక్కన పెట్టేస్తారు. నేను చూసినంతలో ఈ విషయంలో అందరిదీ ఒకటే దారి.

పోయిన ఫిబ్రవరిలో మా అమ్మాయి బడి యాన్యువల్ డే జరిగింది. నెల ముందే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, కాస్ట్యూముకు పదిహేను వందలు కట్టమని. కట్టాను. కట్టిన రోజే ఆఫీసులో అడిగాను, "స్టేజీ పనికి మనుషులు కావాలా? చెక్కలు కోయడం, రంగులు వేయడం నాకు కొంచెం వచ్చు" అని. కౌంటర్లో ఉన్నాయన నా వైపు జాలిగా చూసి, "అవన్నీ ఈవెంట్ వాళ్ళు చూసుకుంటారు సార్. మీరు ఆరున్నరకంతా వచ్చి కూర్చోండి, చాలు" అన్నాడు.

పోయి కూర్చున్నాను. పిల్లల వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర. రైతు పాటకు జలపాతం, అమ్మ పాటకు నెమలి, దేశభక్తికి రాకెట్టు. పక్కనుంచి పొగ. ఒక్కో ఐటమ్ నాలుగు నిమిషాలు. మా అమ్మాయి రెండో వరసలో చివర నిలబడింది. తొమ్మిదికల్లా కాస్ట్యూము తిరిగి ఇచ్చేయమన్నారు, అది అద్దెదట. మరుసటి రోజు పొద్దున బడి ముందు నుంచి పోతూ చూస్తే లారీ వచ్చి అన్నీ ఎక్కించుకుని పోతోంది. గోడకు కట్టిన ఫ్లెక్సీ ఒకటి మిగిలింది.

పాపను అడిగాను, "ఎట్లుంది మీ ఫంక్షను?" అని. "బాగుంది నాన్నా, కానీ మేం ఏం చేసినాం?" అంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

కొంచెం వెనక్కి పోవాలి. ఉద్యోగం మీద ఆరేళ్ళు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉన్నాము. పాప ఆరో తరగతిలో ఉండగా ఒక కాగితం తెచ్చింది, బడిలో మ్యూజికల్ వేస్తున్నారని. మ్యూజికల్ అంటే మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకోండి. కథ ఉంటుంది, మాటలు ఉంటాయి, మాటలకు అందని చోట పాట అందుకుంటారు. పాడేది పిల్లలే, పెదాలు ఆడించడం ఉండదు. ఆ నాటకం ఆడుకునే హక్కుకు బడి ముందే డబ్బు కట్టుకోవాలి. కాగితం కింద తల్లిదండ్రులకు కొన్ని గళ్ళు ఇచ్చారు: కుట్టుపని, టిక్కెట్లు అమ్మడం, తినుబండారాల బల్ల, సెట్ కట్టడం. మా ఆవిడ కుట్టుపనికి టిక్కు పెట్టుకుంది. "నువ్వు వడ్రంగి కొడుకువే కదా" అంటూ సెట్ దగ్గర నా పేరు తనే రాసేసింది.

వడ్రంగి కొడుకునే. నాయన కడపలో నలభై ఏళ్ళు తలుపులు, కిటికీలు, మంచాలు చేశాడు. కానీ నా చేతికి ఉలి ఎప్పుడూ ఇవ్వలేదు. "ఇది పట్టుకున్నావంటే ఇంగ విడవదు, పోయి చదువుకో పో" అని తరిమేవాడు. నాకు తెలిసిన వడ్రంగమల్లా ఆయన చిత్రిక పడుతుంటే రాలే పొట్టును ఉంగరాలుగా వేళ్ళకు తొడుక్కోవడమే. అట్లాంటివాణ్ణి మొదటిసారి రంపం పట్టింది సముద్రాలు దాటిపోయాక, మంచు కురుస్తున్న ఒక శనివారం పొద్దున, బడి ఆడిటోరియం వెనక.

లోపలికి రానిచ్చే ముందు ఒక ఫారం నింపించుకున్నారు. పిల్లల మధ్య తిరిగే పెద్దవాళ్ళ మీద పాత కేసులేమైనా ఉన్నాయేమో చూసుకున్నాకే పనిలోకి పిలిచారు. ఇది మనకూ కావాల్సిన పద్ధతే.

పదిమంది దాకా పోగయ్యాం. ఒక నర్సు, ఒక లారీ డ్రైవరు, రిటైరైన ఒక తాత, నాలాంటి కంప్యూటరు వాళ్ళు ఇద్దరు. మాకు పని నేర్పింది మాత్రం ఒక అకౌంటెంటు. మొదట నేర్పింది ఫ్లాట్ కట్టడం. ఫ్లాట్ అంటే చెక్క చట్రానికి గుడ్డో పలచని ప్లైవుడ్డో బిగించిన ఉత్తుత్తి గోడ. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. మూలల్లో ముక్కోణపు ప్లైవుడ్ ముక్కలు పెట్టి స్క్రూలు బిగిస్తారు. గుడ్డ మన కోరా గుడ్డ లాంటిదే. బిగించాక నీళ్ళు కలిపిన రంగో, పిండి జిగురో పూస్తే ఆరేసరికి డప్పులా బిగుసుకుంటుంది. ఆయన అదేదో గొప్ప రహస్యంలా చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. మా అమ్మ నాయన పంచెలకు పెట్టిన గంజి అదే కదా.

మొదటి రోజే ఒక తప్పు చేశాను. అక్కడ "టూ బై ఫోర్" అని అమ్మే చెక్కకు టేపు పెడితే ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పే ఉంటుంది. ఆరబెట్టి, చిత్రిక పట్టాక తగ్గిన కొలత అది, పేరు మాత్రం పాతదే. నేను పేరును నమ్మి లెక్క వేసుకున్నాను. మెట్ల దగ్గర ఒక వేదిక అర అంగుళం కిందికి పోయింది. ఆ రాత్రి నాయనకు ఫోన్లో చెప్తే, "కొలవకుండా కోసేటోడు ఏం వడ్రంగిరా" అన్నాడు. తర్వాత ఫ్లాట్ ఫోటో పంపితే ఇంకా పెద్ద తిట్టు పడింది. "బెజ్జం లేదు, జోడింపు లేదు, మూలకు అట్టముక్క పెట్టి స్క్రూ కొడతారా? ఇది ఎన్ని రోజులు నిలబడాల?" అన్నాడు. ఒక చెక్కకు గాడి తొలిచి ఇంకో చెక్కను అందులో దూర్చడమే ఆయన చెప్పే బెజ్జం. మూడు రోజులు చాలు నాయనా అన్నాను. కాసేపు ఫోన్లో మాట లేదు. జీవితమంతా యాభై ఏళ్ళు నిలిచే గుమ్మాలు చేసిన మనిషికి మూడు రోజుల గోడ ఎట్లా అర్థమవుతుంది?

పనిలో పిల్లలు ఉండేవాళ్ళు, చుట్టూ చూస్తూ కాదు, పని చేస్తూనే. రంపం పెద్దవాళ్ళకే. కళ్ళకు అద్దాలు పెట్టుకుని స్క్రూలు బిగించడం, కొలతలు పెట్టడం, రంగులు పిల్లలవి. రాతిగోడ కావాలంటే ముందు బూడిదరంగు పూసి, పిండిన స్పాంజితో ముదురు రంగు అద్దుకుంటూ పోవాలి. దగ్గర్నుంచి చూస్తే అది గోడకు పట్టిన బూజులా ఉంటుంది. ఇరవై అడుగుల దూరం పోయి తిరిగి చూస్తే రాయి! ఆ దూరం పోయి చూసి రావడం పిల్లలకు పెద్ద సరదా. లెక్కల టీచరు నెలల తరబడి చెప్పినా ఎక్కని భిన్నాలు ఒక పిల్లవాడికి ఒక్క మధ్యాహ్నంలో ఎక్కాయి, ఎనిమిదిలో మూడు వంతుల అంగుళం తేడా వచ్చి తలుపు చట్రంలో ఇరుక్కున్నాక.

ఆ తలుపు నాదే. ఒప్పుకోక తప్పదు కాబట్టి దాని సంగతీ చెప్తాను. ఆ పిల్లవాడూ నేనూ కలిసి దాన్ని సరిచేశాం. సరిగ్గానే తెరుచుకునేది. ఆట ముందు రోజు ఎవరో అందంగా ఉంటుందని ఇంకో పూత రంగు వేశారు, నేనూ సరే అన్నాను. మొదటి ఆట రోజు, నాలుగు వందల మంది ముందు, బేకరీవాడి వేషం వేసిన పిల్లవాడు తలుపు లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. గోడంతా ఊగింది. వాడు ఒక్క క్షణం ఆలోచించి, కిటికీలోంచి కాలు బయట పెట్టి, రొట్టెల బుట్టతో సహా దిగి, పాట అందుకున్నాడు. జనం చప్పట్లు ఆపలేదు. నేను మాత్రం చివరి వరసలో తల వంచుకుని కూర్చున్నాను.

మా పాప స్టేజీ మీద లేదు. తెర వెనక జట్టులో ఉంది. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, దీపాలు ఆరిన పదిహేను సెకన్లలో చక్రాల వేదికను నెట్టుకొచ్చి, నేల మీద అంటించిన టేపు గుర్తు దగ్గర ఆపి, బ్రేకు వేసి, కనబడకుండా పోవాలి. ఇంతే దాని వేషం. వీడియో పంపితే ఇక్కడ మా అమ్మ నిమిషానికొకసారి, "మన పాప ఏదిరా?" అని అడిగింది. "చీకట్లో ఉంది, జేజికి చెప్పు నాన్నా, ఆ గోడ కదిలితే నేనే" అంది పాప. ఆ తర్వాత మా అమ్మ వీడియో అంతా గోడనే చూసింది. కార్యక్రమం కాగితంలో పాప పేరు అచ్చయింది, బేకరీవాడి పేరు ఎంత అక్షరాల్లో ఉందో అంత అక్షరాల్లోనే.

చివరి ఆట ముగిసి, జనం ఇంకా బయటికి పోకముందే సెట్ విప్పడం మొదలైంది. మొహాన రంగు కడుక్కోని పిల్లలు కూడా డ్రిల్లు పట్టుకున్నారు. మేకులు కాక స్క్రూలే ఎందుకు వాడారో అప్పుడు అర్థమైంది. ఏ సైజు స్క్రూ ఆ డబ్బాలోకి. ఫ్లాట్లు మళ్ళీ గదిలోకి, వచ్చే ఏడాదికి. నేను మోసిన ఒక ఫ్లాటు వెనక పెన్సిలుతో "వంటిల్లు, ఎడమ" అని, దాని కింద "జైలు", దాని కింద "ఓడ" అని రాసి ఉంది. మేం దాన్ని బేకరీ చేశాం.

అక్కడ అంతా స్వర్గమని నేను అనడం లేదు. పదిమందిలో చివరి దాకా వచ్చింది నలుగురే. ఒకాయన అందరికీ ఆర్డర్లు వేసేవాడు. కాస్ట్యూముల దగ్గర ఇద్దరు తల్లుల మధ్య మాటలు ఆగిపోయాయి. అయినా సెట్ నిలబడింది.

"అమెరికా కబుర్లు మాకెందుకు" అని మీరు అనకముందే ఒక మాట. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. మన జిల్లాలోనే, చక్రాయపేట మండలంలో సురభి ఉంది. 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధతో మొదలుపెట్టిన నాటక సమాజానికి ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. అంతకుముందు తోలుబొమ్మలాడించిన కుటుంబాలు వాళ్ళవి. తాత తాడు లాగితే గద గాల్లో తేలేది, తండ్రి రాజు వేషం, తల్లి రాణి వేషం. తెరల మీద రాజమహళ్ళు గీసేది వాళ్ళే, గుంతలు తవ్వి గుంజలు పాతేది వాళ్ళే. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయడం తెలుగు నాటకంలో వాళ్ళతోనే గట్టిగా నిలబడింది. ఇల్లు, బడి, నాటకం అన్నీ ఒకటే గుడారంలో. ఆ అకౌంటెంటుకు ఈ సంగతి చెప్తే నమ్మలేదు. ఫోటోలు చూపించాల్సి వచ్చింది. మరి ఆ ఊరికి ఇంత దగ్గర్లో ఉన్న మన పిల్లలకు సురభి ఎల్‌ఈడీ తెర మీద కూడా కనబడదు.

తెర అంటే గుర్తొచ్చింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక తెల్లగుడ్డ, వెనక ఒక దీపం, మధ్యలో తోలు మీద రంగు. ఎల్‌ఈడీ తెర చేసే పనే ఇదీ చేస్తుంది, అద్దె లేకుండా. ఎల్‌ఈడీ వద్దని నేను అనను. పిల్లలు చేసినదాని పక్కన అదీ ఉండనివ్వండి.

ఇంక మీరు చెప్పే అడ్డంకులు. కొన్ని నాకు ముందే తెలుసు, ఎందుకంటే పోయిన నెల ఇద్దరు ప్రిన్సిపాళ్ళతో మాట్లాడాను.

"మన తల్లిదండ్రులు రారండీ." 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. మన కడప మున్సిపల్ హైస్కూలుకు ఉప ముఖ్యమంత్రే వచ్చారు. వచ్చిన తల్లిదండ్రులను చూస్తే, రారనే మాట నిలవదు. పిలవాలి, అంతే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల మేనేజ్‌మెంటు కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడులకు ఆ సెక్షను వర్తించదు, నాకు తెలుసు. అయినా చట్టం చెప్పలేదని తలుపు మూసుకోవాలా?

"చాలామంది తండ్రులు కువైట్లో ఉంటారు కదా." నిజమే, మన జిల్లా సంగతి మనకు కొత్తా! కానీ వాళ్ళు అక్కడ ఏం పని చేస్తారు? ఎలక్ట్రీషియన్లు, టైల్స్ వేసేవాళ్ళు, వెల్డర్లు, కార్పెంటర్లు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు పిల్లల బడి గేటు దాకా వచ్చి, ఫీజు కట్టి వెనక్కి పోతారు. మీ అడ్మిషన్ ఫారంలో "తండ్రి వృత్తి" అని ఒక గడి ఉంది. ఫీజు కట్టగలడా లేడా అని చూడటానికి కాకుండా ఆ గడిని ఎప్పుడైనా చదివారా? తల్లి వృత్తి గడిలో "గృహిణి" అని రాసుంటుంది. ఆమె ఇంట్లో మిషను మీద వీధంతటికీ జాకెట్లు కుడుతూ ఉంటుంది. అది మీ ఫారంలో ఎక్కడా లేదు.

"సిలబస్ అవ్వాలి సార్, పరీక్షలు." పదో తరగతిని వదిలేయండి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్ళోని వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని నేర్పించమంటుంది. మీ బ్రోషర్ల మీద ఆ విధానం పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ పది రోజులు ఎక్కడున్నాయి?

"పిల్లలకు దెబ్బలు తగిలితే?" ఇది నేను ఒప్పుకునే భయం. కోత మిషన్లు పిల్లలకు ఇవ్వొద్దు. గుడ్డ, లైట్లు దగ్గర దగ్గర పెట్టొద్దు. వేడి లైట్ల పక్కన గుడ్డ ఫ్లాటు అసలు వద్దు. ఇంకొకటి, మన యాన్యువల్ డేలు ఆరుబయట. ఒహాయోలో లేని సమస్య ఇది, గాలి. ఎనిమిదడుగుల గుడ్డ గోడ అంటే తెరచాపే. వెనక ఏటవాలుగా ఊతకర్ర కొట్టి, దాని అడుగున ఖాళీ సిమెంటు సంచిలో ఇసుక నింపి పెట్టాలి, ఒక్కోదానికి రెండు. గాలి ఎక్కువైతే ఫ్లాట్లు దించేయడమే, అందులో మొహమాటం వద్దు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట, ఎందుకంటే తప్పు సగం మనదే. "మా వాడు ముందు వరసలో లేడు" అని ఆఫీసులో గొడవ పెట్టుకునేది మనమే. అందుకే బడి రెండు వందల మందికి నాలుగు నిమిషాలు చొప్పున పంచుతుంది. తెర వెనక నిలబడిన పిల్లను చూసి మురిసిపోవడం మా అమ్మ డెబ్బై ఏళ్ళ వయసులో నేర్చుకుంది. మనకేం కష్టం?

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఈసారి యాన్యువల్ డేలో మీ డ్యాన్సులన్నీ ఉండనివ్వండి. ఒక్క అరగంట ఒక నాటకానికి ఇవ్వండి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఆడతారు. దాని సెట్ పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి కడతారు, సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చే నాలుగు ఆదివారాలు, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. సామిల్లులో రీపర్లు, అంటే సన్నని చెక్క పట్టీలు, దొరుకుతాయి. కోరా గుడ్డ దొరుకుతుంది. రంగులు వేయడానికి మన ఊళ్ళో పాత బోర్డు ఆర్టిస్టులు ఉన్నారు. ఫ్లెక్సీలు వచ్చాక ఖాళీగా కూర్చున్న చేతులు అవి. ఒకాయన మా వీధిలోనే ఉన్నాడు, ఒకప్పుడు సినిమా హీరోలను ఇరవై అడుగుల ఎత్తు గీసినాయన. ఆయన్ను గౌరవంగా పిలిచి, కూలి ఇచ్చి, పిల్లల పక్కన నిలబెట్టండి. పిల్లలు కొండ గీయమంటే పాలకొండలు గీసి చూపిస్తాడు.

కాస్ట్యూము డబ్బులో ఒక వంతు దీనికి ఇస్తే చాలు. ఆట అయ్యాక విప్పి దాచుకోవడానికి ఒక గది చూడండి, స్టోర్ రూము మూలైనా సరే. స్క్రూలు మాత్రం డబ్బాల్లోకి వేరుచేయించండి, లేకపోతే మరుసటి ఏడాది అన్నీ తిరిగి కొనాలి. ఇది అనుభవం మీద చెప్తున్నాను.

మీలో ఏ ఒక్కరు ఒప్పుకున్నా, అది మా పాప బడి కాకపోయినా, నాలుగు ఆదివారాలూ నేను వస్తాను. నాయనకు ఇప్పుడు మోకాళ్ళు వంగవు, ఉలి మాత్రం ఇంకా సాన పట్టుకుంటాడు. ఈ సంగతి చెప్తే, "కుర్చీ వేస్తే కూర్చుని చెప్తాలే, కానీ ఆ మూలలకు అట్టముక్కలు కొట్టనివ్వను, బెజ్జం కొట్టాల్సిందే" అన్నాడు. మూడు రోజుల గోడకు బెజ్జం ఎందుకని వాదించి చూశాను. ఆ వాదన ఆదివారం పిల్లల ముందే తేల్చుకుంటాం.

నా నంబరు మీ ఆఫీసులో ఉంది. టర్మ్ ఫీజు గుర్తుచేస్తూ మెసేజ్ పెడతారే, అదే.

ఇట్లు,
ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి,
ఎర్రముక్కపల్లి, కడప